సున్నం కొట్టని గోడ

“మా ఇంటామె వస్తాదిలే సార్. ఇంట్లో ఆమెకు మాత్రం ఏం పనుండాది?”

ఆసుపత్రి వరండాలో నిలబడి మా ఆయన ఇమ్మానుయేలు డాక్టరుగారితో ఈ మాట అన్న వేళకు నేను ఇంట్లో రాగులు విసురుతున్నాను. అందుకే వినలేకపోయాను. మూడు రోజుల తర్వాత సంగటి ముద్ద చట్నీలో అద్దుకుంటూ ఆయనే చెప్పాడు, అదీ ఏదో శుభవార్త మోసుకొచ్చినవాడిలాగ. వచ్చే శనివారం నుంచి పొద్దున్నే ఆసుపత్రి వెనక బంగళాకు పోయి డాక్టరుగారి తల్లికి పొయ్యి వెలిగించి రావాలట. వాళ్ళు యూదులు, శనివారం నిప్పు ముట్టుకోరట. ఇన్నాళ్ళూ ఆ పని చేసిన ఆయా పెళ్ళి చేసుకుని కలకడకు వెళ్ళిపోయిందట. “సేవ జయా, సేవ,” అన్నాడు. అదేమి చిత్రమో, ఆయన చేస్తే ఉద్యోగం, నేను చేస్తే సేవ.

ఏం పనుండాదంటే చెప్తాను వినండి. నాలుగింటికి లేచి బావి నుంచి ఎనిమిది బిందెల నీళ్ళు. పొయ్యి, సంగటి, ఆయన తెల్లకోటుకు గంజి, బొగ్గుల ఇస్త్రీ. మంగళవారం స్త్రీల కూటం, గురువారం ఆడపిల్లలకు కుట్టు క్లాసు, శనివారం గుడి ఊడ్చి బల్లగుడ్డ ఉతకడం, ఆదివారం సండే స్కూలు. ఇవన్నీ మిషను పనులే గానీ నాకు జీతమంటూ లేదు. ఉపదేశిని పెట్టుకుంటే ఉపదేశి పెళ్ళాం ఊరికే వస్తుంది, ఎద్దును కొంటే పలుపు వచ్చినట్టు. ఇద్దరు ఆడపిల్లలు చిత్తూరు బోర్డింగులో ఉన్నారు కాబట్టి ఇప్పుడు కాస్త తెరిపి, ఆ తెరిపిలోకి ఈ పొయ్యి వచ్చి పడింది.

అది నలభై మూడో సంవత్సరం. యుద్ధం నడుస్తోంది, కిరసనాయిలు దొరకదు, కాగితం దొరకదు, పుంగనూరు బస్సు కూడా బొగ్గు మీదే నడుస్తోంది. మా ఆయన మదనపల్లె మిషనులో ఉపదేశి. అంటే రోగుల మంచాల దగ్గర ప్రార్థన చేస్తాడు, పాదిరి అయ్యగారు పల్లెలకు పోయిన ఆదివారాల్లో గుళ్ళో ప్రసంగం చెప్తాడు. ఫిబ్రవరిలో తనకూ పట్టమిచ్చి అయ్యగారిని చేస్తారని ఆయన ఆశ. అది తేల్చవలసింది పెద్ద అయ్యగారు జీవానందంగారు. చెడ్డవాడు కాదు మా ఆయన. తాగడు, కొట్టడు. ఈ సంగతి పుంగనూరు నుంచి వచ్చినప్పుడల్లా మా అత్త విమలమ్మ నాకు గుర్తుచేస్తుంది, కొట్టకపోవడం కూడా ఒక ఉద్యోగమైనట్టు. ఆయనతో వచ్చిన చిక్కల్లా, ఆయన ఇంట్లో ఉంటే ఇల్లు నిండిపోతుంది. ముందు గదిలో ఒక బల్ల ఉంది, దాని ముందు బడి నుంచి తెచ్చిన పొడుగాటి బెంచీ ఉంది. ముగ్గురు పిల్లలు కూర్చునే ఆ బెంచీ మీద ఆయన సరిగ్గా నడిమధ్యన కూర్చుంటాడు, ఇటు పుస్తకాలు, అటు కండువా. పదహారేళ్ళలో ఆ బెంచీని వెయ్యిసార్లు తుడిచాను. ఒక్కసారీ దాని మీద కూర్చోలేదు.

సరే, శనివారం పోయాను. డాక్టరుగారి తల్లి ఎనభైకి దగ్గర పడిన మనిషి, పిట్టంత. పోలండులో పుట్టి, జర్మనీవాళ్ళ బాధకు కొడుకు చెయ్యి పట్టుకుని ఊళ్ళు దాటుకుంటూ వచ్చి మా మదనపల్లెలో తేలింది. పేరు మిర్యాము. నాకు పులకరించింది. మిర్యాము అన్న పేరు వేదపుస్తకంలో చదివాను, ఆ పేరుగల మనిషిని ఎన్నడూ చూడలేదు. శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చుని, “ఈ పొద్దు చలి ఎక్కువ కదా,” అంది ఇంగ్లీషులో. నేను మిషను బడిలో ఎనిమిది దాకా చదివాను. “అవునమ్మా, చలే,” అన్నాను. ఆమె పొయ్యి వైపు చూసింది. నేనూ చూశాను. “వేడి కాఫీ ఉంటే బాగుండును, ఉండదు కదా,” అంది. పాపం అనుకున్నాను. ఇద్దరమూ అలా ముప్పావుగంట వణుకుతూ కూర్చున్నాం. పరాయి ఇంటి పొయ్యి, చెప్తే చేద్దామని నేను, చెప్పకూడదు కాబట్టి ఆమె. చివరికి డాక్టరుగారు లోపలికొచ్చి చూసి, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని అసలు సంగతి చెప్పాడు. శనివారం ఆమె నిప్పు ముట్టకూడదు, ముట్టించమని ఇంకొకరిని అడగనూ కూడదు. ఎదుటి మనిషే గ్రహించుకోవాలి.

ఓసి, ఇంతేనా అనుకున్నాను. ఇదైతే నాకు పదహారేళ్ళ అనుభవమున్న విద్య. మా ఇంట్లో ఒక దగ్గు దగ్గితే కాఫీ, రెండు దగ్గితే స్నానానికి వేడినీళ్ళు. తేడా ఒకటే. పొయ్యి వెలిగించి కాఫీ కాచాక మిర్యామమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మొదటి గ్లాసు నాకు పోసింది. ఇంకొకరు పోసిన కాఫీ తాగి ఎన్నాళ్ళయిందో లెక్క కట్టబోయి మానుకున్నాను. ఏడుపొచ్చేటట్టు ఉండింది.

ఆమె బల్ల మీద ఒక పెద్ద పుస్తకం తెరిచి ఉంది. పలకలు పలకలుగా నల్లటి అక్షరాలు. ఇదేమిటని ఒకదాని మీద వేలు పెట్టాను. “ఆలెఫ్,” అంది. “ఆలెఫ్, బేత్, గీమెల్, దాలెత్!” అని మొదలుపెట్టి ఊపిరి తిప్పుకోకుండా ఇరవై రెండూ అప్పగించేశాను. మిర్యామమ్మ చేతిలో గ్లాసు ఒలికింది. ఇందులో నా గొప్పేమీ లేదు. మా వేదపుస్తకంలో ఒక పొడుగాటి కీర్తన ఉంది, దాంట్లో భాగం భాగానికీ పైన ఈ పేర్లు అచ్చువేసి ఉంటాయి. చిన్నప్పుడు కుప్పం మిషను బడిలో కంఠతా పోటీకి ఆ పేర్లతో సహా బట్టీ పట్టించారు. అవి అక్షరాలని నాకెవరూ చెప్పలేదు. రాగాల పేర్లేమో, ఎవరో పెద్దవాళ్ళ పేర్లేమో అనుకున్నాను. ఇరవై ఏళ్ళకు పైగా నోట్లో పెట్టుకుని తిరిగిన పేర్లు, ఒక్కదాని మొహమూ చూసి ఎరగను.

కొత్త లిపి అంటే నాకు భయం లేదు. మా నాన్న కుప్పం స్టేషన్లో పాయింట్స్‌మన్. స్టేషను బోర్డు మీద ఊరి పేరు మూడు లిపుల్లో ఉంటే, ఆయన భుజమెక్కి ఆ మూడూ వేలితో దిద్దుతూ నేర్చుకున్నాను. మూడైన చోట నాలుగోది బరువా? మిర్యామమ్మ నా వయసడిగింది. ముప్పై నాలుగన్నాను. ఇంకా ఆరేళ్ళు తక్కువే అని నవ్వింది. తాను చెప్పబోయే విద్యను పెళ్ళయి నలభై ఏళ్ళు నిండిన మగవాళ్ళకే చెప్పాలని వాళ్ళలో ఒక మాట ఉందట. ఆ విద్య పేరు కబాలా. లోకం ఎట్లా పుట్టింది, ఆ దేవుడు ఈ లోకంలో ఎక్కడ దాగి ఉన్నాడు, ఈ అక్షరాల్లో ఏముంది అని అడిగే చదువు. నలభై ఎందుకంటే, తనకేమీ తెలియదని మగవాడికి తెలిసిరావడానికి అన్నేళ్ళు పడుతుందట. “ఆడదానికి పెళ్ళయిన వారానికే తెలుస్తుంది,” అంది.

మరి మీకెవరు చెప్పారమ్మా అని అడిగాను. ఎవరూ చెప్పలేదట. వాళ్ళ నాన్న ముందు గదిలో నలుగురు కొడుకులకు చెప్తుంటే, వంటింట్లో కోడి ఈకలు పీకుతూ ఆమె విన్నదట. వినడం కోసం ఒక్కో కోడినీ రెండు గంటలు పీకేదట. “మా వీధిలో మా ఇంటి కోళ్ళంత శుభ్రమైన కోళ్ళు లేవు,” అంది. ఆ నలుగురు తమ్ముళ్ళ దగ్గర నుంచీ ఉత్తరం వచ్చి రెండేళ్ళు దాటింది. ఆ మాట చెప్పి కాసేపు కిటికీలోంచి కొండల వైపు చూసింది. కబాలా అంటే అందుకోవడం అని అర్థమట. ఒకరిస్తే ఒకరు అందుకోవాలి. “నాకు కూతురు లేదు. నా దగ్గరున్నది కొంచెమే, అది కూడా నాతోనే పోతుంది. అందుకుంటావా?” అని అడిగింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ నా చేతులు అందించడమే ఎరుగును. కంచం, చెంబు, తువ్వాలు, గొడుగు. అందుకుంటావా అని నన్నడిగిన మనిషి ఆమె ఒక్కతే. అందుకుంటానన్నాను.

కానీ ఒక తిరకాసు వచ్చింది. శనివారం ఆమె నిప్పు ముట్టదు సరే, రాయను కూడా రాయదు. పెన్సిలు చేత పట్టదు. పుస్తకంలో వేలు పెట్టి చూపిస్తుంది, నోటితో చెప్తుంది, అంతే. తక్కిన రోజుల్లో పోదామంటే నాకు తీరదు, మా ఆయన మాట ఇచ్చింది శనివారానికే. కాబట్టి చూసిన అక్షరాన్ని కళ్ళలో పెట్టుకుని, దోవలో ఎవరు పలకరించినా ఊఁ కొట్టి, ఇంటికొచ్చి పొయ్యిలో బొగ్గు తీసుకుని వంటింటి గోడ మీద గీసేసేదాన్ని. సరిగ్గా రుబ్బురోలుకు ఎదురుగోడ. ఇక వారమంతా పిండి రుబ్బుతూ వాటిని చూడటమే. చేతులు పొత్రాన్ని తిప్పుతుంటే కళ్ళు అక్షరాలను తిప్పేవి. అప్పటి నుంచి మా ఇంట్లో దోశలు కూడా మెత్తగా వస్తున్నాయని మా ఆయన మెచ్చుకున్నాడు. గోడ ఆయన కంట పడుతుందేమోనన్న బెంగ నాకు లేదు. మొగుడికి తెలియకుండా ఏదైనా దాచాలంటే వంటింటి గోడకు మించిన చోటు లేదు. పదహారేళ్ళలో ఆయన ఆ గడప దాటి లోపలికి రాలేదు.

ఇరవై రెండింటి రూపాలూ తొందరగానే గోడెక్కాయి గానీ, అర్థాల పాఠం మొదటి నెలంతా రెండు అక్షరాలే. ఆలెఫ్‌కు శబ్దం లేదట. మాట్లాడబోయే ముందు నోరు తెరుస్తామే, ఆ తెరవడమే ఆలెఫ్. బేత్ అంటే ఇల్లు. మూడు వైపులా గోడ, ఒక వైపు తెరుపు. సృష్టి కథ మొదలయ్యేది ఈ బేత్‌తోనే అని చెప్పింది. వెనక ఏముందో, పైన ఏముందో, కింద ఏముందో అడగవద్దు, తెరుపున్న వైపుకు నడువు అని ఆ అక్షరం చెప్తుందట. ఇంటికొచ్చి మా వంటింటిని చూసుకున్నాను. మూడు గోడలు, ఒక వాకిలి. పదహారేళ్ళుగా ఈ ఇరుకుకొట్టును తిట్టుకుంటున్నాను, అది ఒక అక్షరమని తెలియక.

నా నోరు ఊరుకుంటే ఇదంతా ఇట్లాగే సాగిపోయేది. మా ఆయన బెంగళూరులో ఒక ఏడాది వేదాంతం బడిలో చదివొచ్చాడు. అప్పటి నుంచి ప్రతి ప్రసంగంలోనూ “హెబ్రీ మూలంలో చూస్తే” అని ఒకసారైనా అనకపోతే ఆయనకు తృప్తి ఉండదు. గుళ్ళో జనం కూడా ఆ మాటకు ఒకసారి సర్దుకుని కూర్చుంటారు. నవంబరులో ఒక ఆదివారం సృష్టి మీద చెప్తూ, హెబ్రీ మూలంలో చూస్తే ఆ మొదటి మాట ఆలెఫ్‌తో మొదలవుతుంది, దేవుడు మొదటివాడు గనుక అన్నాడు. ఇంటికొచ్చి అన్నం పెడుతూ అన్నాను, “ఆలెఫ్ కాదండీ, బేత్. దేవుడు ఇంటితో మొదలుపెట్టినాడంట.”

ఆయన చెయ్యి కంచంలోనే ఆగింది. ఎవరు చెప్పారన్నాడు. చెప్పాను. కబాలా అన్న మాట వినగానే మొహం కందగడ్డ అయింది. అవి మంత్రాలన్నాడు, తాయెత్తులన్నాడు, చదవేస్తే ఉన్న మతి పోయిందన్నాడు. ఆయన నిజంగానే భయపడ్డాడని నాకు తెలిసింది, గొంతు తగ్గించి మాట్లాడాడు కాబట్టి. “ఉపదేశి పెండ్లాం యూదుల మంత్రాలు సదువుతాదని జీవానందం అయ్యగారి చెవిన పడితే నా పట్టం గంగలో కలిసినట్టే. మాట ఇచ్చినాను గాబట్టి పొయ్యి వెలిగించు, వచ్చెయ్. కూర్చునేది లేదు. లేదంటే క్రిస్మసు కాంగానే అమ్మ ఎంబడి పుంగనూరు పంపిచ్చేస్తా, పట్టమొచ్చే దాకా ఆడే ఉందువు.” ఆలెఫ్ లాగా నోరు తెరిచి మూసుకున్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకేం కావాలో నాకు అంత స్పష్టంగా అదే మొదటిసారి తెలియడం. చీర కాదు, పట్టం కాదు, అయ్యగారి భార్య అనే పేరు కాదు. శనివారం కావాలి. వారానికి ఒక గంట నన్ను కూర్చోబెట్టి, నా బుర్రతో పని ఉన్నట్టు మాట్లాడే మనిషి కావాలి. ఆ ముసలామె ఎన్నాళ్ళుంటుందో తెలియదు. రెండు నెలలు పుంగనూరులో కూర్చుంటే తిరిగొచ్చేసరికి ఆమె కుర్చీలో ఎవరుంటారో తెలియదు.

శనివారాలు మానలేదు. పొయ్యి వెలిగించే పనిని పొడిగించాను, అంతే. తడి కట్టెలని చెప్పాను. మిర్యామమ్మకు కోడి ఈకల సంగతి తెలుసు కాబట్టి నవ్వుకుంది. డిసెంబరు మొదటి శనివారం ఆమె నాకు అసలు పాఠం చెప్పింది. సృష్టికి ముందు ఎక్కడ చూసినా దేవుడే నిండి ఉన్నాడట. ఇక లోకాన్ని పెట్టడానికి చోటేది? అందుకని ఆయన మొట్టమొదట చేసిన పని వెలుగు పుట్టించడం కాదట. తనను తాను వెనక్కి లాక్కున్నాడట. కొంచెం జరిగి, నడుమ ఒక ఖాళీ వదిలాడట. ఆ ఖాళీలో లోకం పుట్టింది.

నాకు నవ్వొచ్చింది. జరగడం నాకు కొత్త కాదమ్మా అన్నాను. చుట్టాలొస్తే మంచం వదిలి చాపకు జరిగాను, చాప వదిలి వంటింటి గడపకు జరిగాను. కూటమొస్తే గోడకు జరిగాను. కూర తక్కువైతే ఆకలినీ జరిపాను. మిర్యామమ్మ గ్లాసు కింద పెట్టింది. “నువ్వు జరగడం వేరు, ఆయన జరగడం వేరు. ఇల్లంతా నిండినవాడు జరిగితే లోకం పుడుతుంది. మూలనున్నది ఇంకా మూలకు జరిగితే ఏం పుడుతుంది?”

“నడుం నొప్పి పుడుతుంది,” అన్నాను. ఇద్దరమూ పొట్ట పట్టుకుని నవ్వాం.

ఆ నవ్వు ఊపులోనే నేను చేసిన ఘనకార్యం చెప్పాను. ఆమె పుస్తకంలో నాలుగక్షరాల దేవుని పేరు వారం కిందటే కనిపెట్టాను. మా వేదపుస్తకంలో పుట పుటకూ యెహోవా అని ఉంటుంది, చిన్నప్పటి నుంచీ నోరారా పలికే పేరు. దాని హెబ్రీ మొహం చూసిన సంతోషంలో ఇంటికి పోయి గోడ నడుమ ఇంత పెద్దగా రాసేశాను, అన్నాను. మిర్యామమ్మ నవ్వు ఆగిపోయింది. వాళ్ళు ఆ పేరును పైకి పలకరట. రాస్తే చెరపరట. ఆ పేరున్న కాగితం చిరిగినా పారెయ్యక మనిషిని పూడ్చినట్టు పూడుస్తారట. బొగ్గుతో రాసిన గోడ, ఎదురుగా రుబ్బురోలు, పక్కన పొయ్యి. తప్పయిపోయిందమ్మా అన్నాను. ఆమె నా చెయ్యి నిమిరింది. “తెలియక చేశావు. ప్రేమతో చేశావు. రాసింది రాసినట్టే ఉండనీ. చెరపకు.”

చెరపకు అని ఆమె తేలిగ్గా అంది. కానీ క్రిస్మసుకు మదనపల్లెలో సున్నం కొట్టించని కిరస్తానం ఇల్లుంటుందా?

అంతలో బొగ్గు బస్సులో, నల్లగా మసి పట్టి మా అత్త దిగింది. వచ్చిన రోజే అత్తరాసాల పాకం చూడటానికి వంటింట్లోకి వచ్చి గోడ చూసింది. “ఏందిమే ఇది? కిరస్తానోళ్ళకు ముగ్గులు యాల?” అంది. ముగ్గులు కాదత్తా, అక్షరాలన్నాను. ఆమెకు చదువు రాదు. ఉపదేశిని కని, జీవితమంతా పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని తలకిందులో కాదో కూడా తెలియకుండా గుళ్ళో కూర్చున్న మనిషి. పాకం సంగతి మరిచి గోడ వైపే చూస్తూ నిలబడింది. ఆ తర్వాత మెల్లగా, ఎవరైనా వింటారేమో అన్నట్టు అడిగింది. “విమలమ్మకు ఏదిమే?”

వావ్ చూపించాను. నిలువుగా ఒక గీత, తలపైన చిన్న వంపు. “ఇంతేనా? చేతికర్ర మాదిరుండాదే,” అని పొయ్యిలో బొగ్గు తీసుకుని గోడ కింది భాగాన ఒకటి గీసింది. వావ్ వంకర పోయింది. డెబ్భై ఏళ్ళకు ఆమె రాసిన మొదటి అక్షరం అది. వేళ్ళకంటిన మసిని కొంగుకు తుడుచుకోకుండా అట్లాగే చూసుకుంటూ కూర్చుంది. ఆ పూట పాకం ముదిరిపోయింది.

పండగకు వారం ముందు శుక్రవారం ఘని వచ్చాడు. మా వీధిలో అన్ని ఇళ్ళకూ సున్నం కొట్టేది అతనే. ముందు గది అయింది, నడవ అయింది, నీలిమందు కలిపిన సున్నం బానెతో వంటింట్లోకి వచ్చాడు. రెండు గోడలు కొట్టు, మూడోది వద్దన్నాను. యాలమ్మా, ఆ గోడే కదా మసిబారింది అన్నాడు. దాచి లాభం లేదని ఉన్నమాట చెప్పాను. అది దేవుని పేరు, రాసినాక చెరపకూడదంట అన్నాను. ఘని కుంచె బానెలో పెట్టేసి గోడ ముందు నిలబడ్డాడు. వాళ్ళ ఇళ్ళల్లోనూ అంతేనన్నాడు. పేరున్న కాగితం దోవలో దొరికినా ఏరి, కాలు పడని చోట పెడతారట, చిరిగితే బావిలో వదులుతారట.

రెండు గోడలు తెల్లగా, ఒకటి నల్లగా ఉన్న సంగతి వాకిట్లోంచి కూడా కనపడింది. మా ఆయన “ఏం ఘనీ, ఆ గోడ యాల ఇడిస్తివి? పెద్ద అయ్యగారు పండగ నాడు భోజనానికి వస్తాండారు,” అని కేకేశాడు. ఘని బయటికి పోయి చేతులు కట్టుకుని చెప్పాడు. “ఆడ పేరుండాది అయ్యోరా. పేరు మింద సున్నం కొట్టేదానికి నాకు చెయ్యి రాదు. కుంచె ఈడుండాది, మీరే కొట్టుకోండి.”

అప్పుడు, పదహారేళ్ళకు, మా ఆయన వంటింటి గడప దాటాడు. తల వంచుకుని వచ్చాడు, వాకిలి పొట్టిదని ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది. చేతిలో కుంచె, దాంట్లోంచి సున్నం ఆయన పంచె మీద కారుతోంది. గోడ నిండా రెండున్నర నెలల నా బొగ్గు. ఇరవై రెండు అక్షరాలు, పక్కన వంకర వావ్‌లు ఒక డజను, నడిమధ్యన పెద్దగా ఆ పేరు. నేను రుబ్బురోలు పట్టుకుని నిలబడ్డాను. నా శనివారాలు ఇక అయిపోయాయనుకున్నాను.

“ఇదా నువ్వు చేస్తాండే పని?” అన్నాడు. కుంచె ఎత్తాడు.

“నిదానంరా,” అంది మా అత్త పీట మీద నుంచి. “ఈ పక్క నుంచి మూడోది నా అక్షరం. దాని మింద సున్నం పడితే నేను ఊరుకోను.”

ఆయన తల్లి వైపు చూశాడు. నీ అక్షరమేందన్నాడు. మా అత్త లేచి వెళ్ళి, నేను నేర్పినట్టు కుడి పక్క నుంచి వేలితో లెక్కపెట్టి మూడోదాన్ని చూపించింది. “వావ్. నాది. దేవుని పేరులోనే ఉండాది. నువ్వు బెంగుళూరులో సదివింది ఇదే కదరా ఇమ్మానుయేలూ? ఏదీ, మిగతావి నువ్వు సదువు, ఇంటాము.”

మా ఆయన గోడ వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు. పొయ్యి మీద ఎసరు తెర్లుతోంది. ఆయన పెదవులు కదిలాయి, మాట రాలేదు. అప్పుడు నాకు అర్థమైంది, హెబ్రీ మూలంలో చూస్తే అని పదహారేళ్ళుగా ఆయన చూడలేదని. ఆ బడిలో ఎప్పుడో విన్న మూడు మాటలతో నెట్టుకొస్తున్నాడని. నవ్వాలనిపించాలి నాకు, నిజానికి పండగ చేసుకోవాలి. ఎందుకో జాలేసింది. కొలిమి ముందు కూర్చున్నట్టు చెమటలు పోస్తున్నాయి మనిషికి, డిసెంబరు చలిలో.

“అది యెహోవా పేరు,” అన్నాను మెల్లగా. పలకకూడదన్న సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదు, మిర్యామమ్మ క్షమించాలి.

ఆయన కుంచె దించేశాడు. మా ఆయనలో నాకు నచ్చే గుణం ఒకటుంది, నిజంగానే దేవుడికి భయపడతాడు. కుంచెను ఘని చేతికిచ్చి, “చుట్టూ కొట్టు. రాసిండేది ఇడిచిపెట్టు,” అన్నాడు. అయ్యగారు అడిగితే ఏం చెప్పేదని గొణుక్కున్నాడు. “నా అక్షరమని చెప్పు,” అంది మా అత్త. ఘని చీరకు అంచు కుట్టినంత జాగ్రత్తగా అక్షరాల చుట్టూ సున్నం కొట్టి పోయాడు. తెల్లటి గోడ నడుమ నా నల్లటి రాత పెళ్ళికూతురి బుగ్గన చుక్కలాగ కనపడింది. పుంగనూరు ఊసు ఎవరూ ఎత్తలేదు.

మరునాడు శనివారం. మిర్యామమ్మ దగ్గరకు పోయి పొయ్యి వెలిగించి, జరిగిందంతా చెప్పాను. ఆమె మా అత్త కోసం ఒక వావ్‌ను గాలిలో వేలితో గీసి ముద్దు పెట్టుకుంది. ఆ పూట అర్థాల పాఠంలో దాలెత్ దాకా పోయాం. తడి కట్టెలు అనే అబద్ధం అక్కర్లేకుండా గంటన్నర కూర్చున్నాను.

ఇంటికొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. అత్త వంటింట్లో గోడ ముందు కూర్చుని వావ్‌లు గీస్తోంది. మా ఆయన ముందు గదిలో పండగ ప్రసంగం రాస్తున్నాడు. బెంచీ నడిమధ్యన, ఇటు పుస్తకాలు, అటు కండువా. కుప్పం నుంచి పెళ్ళికి తెచ్చుకున్న నా ట్రంకు పెట్టె తెరిచి, అడుగున పాత చీరల మడతల్లో ఉన్న నా బడి పలకను తీశాను. కొంగుతో తుడిచాను. వంటింటి వైపు రెండడుగులు వేశాను, అలవాటు కొద్దీ. అక్కడ ఆగాను.

వెనక్కి తిరిగి బల్ల దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆయన తలెత్తాడు. కాఫీ తెచ్చానేమోనని నా చేతుల వైపు చూశాడు. పలక కనపడింది. ఒకసారి దగ్గబోయాడు, మానుకున్నాడు.

“రవ్వంత జరగండి,” అన్నాను.

గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. వంటింట్లోంచి బొగ్గు గీస్తున్న చప్పుడు వినపడుతోంది. ఆయన కండువా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత జరిగాడు. ఎంతో కాదు, జానెడు. నేను కూర్చున్నాను.